రైజెన్ 5 2600 + 1660 సూపర్: ముందు ప్రాసెసర్ మార్చాలా, గ్రాఫిక్స్ కార్డా?

తూర్పుగాలి (ప్రశ్న)

కాన్ఫిగ్: రైజెన్ 5 2600, బీ450 బోర్డు, జీటీఎక్స్ 1660 సూపర్ 6 జీబీ, 8 జీబీ డీడీఆర్4 3200 స్టిక్కులు రెండు, 450 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్.

వాలొరాంట్‌లో యావరేజ్ ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగానే ఉంటుంది కానీ, ఫైట్ మొదలై స్మోకులు పడగానే 100 కిందికి జారిపోతోంది. సైబర్‌పంక్ 2077 మీడియంలో 45-50 మించట్లేదు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ప్రాసెసర్ వాడకం 45 శాతం దాటదు. అంటే దానికి ఇంకా ఓపిక ఉన్నట్టేనా? షాపులో అడిగితే ఏఎం4 సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) పాతబడింది, ఏఎం5కి మారిపొమ్మంటున్నారు. ఇప్పుడు ఒక్కటే కొనగలను, రెండోది ఆరేడు నెలల తర్వాతే. దేనితో మొదలుపెట్టమంటారు?

ఫ్రేమ్‌టైమ్

ఆ 45 శాతాన్ని నమ్మకండి. 2600లో 12 థ్రెడ్లు. ఒక థ్రెడ్ మొత్తం నిండిపోయినా ఆ లెక్కలో కనిపించేది 8 శాతమే. గేమ్‌లో మెయిన్ థ్రెడ్ ఊపిరాడక కొట్టుకుంటున్నా, పక్క కోర్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి సగటు తక్కువే చూపిస్తుంది.

చూడాల్సింది కార్డు వాడకం. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటే వచ్చే రివాట్యూనర్ వేసుకుని జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) యూసేజ్, వీర్యామ్ (కార్డు సొంత మెమరీ), ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ స్క్రీన్ మీద పెట్టండి. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు), ఎఫ్‌పీఎస్ లిమిట్ రెండూ ఆపేయండి. లేదంటే కార్డు ఆ లిమిట్ దగ్గరే ఆగిపోయి వాడకం తక్కువ చూపిస్తుంది, తప్పు మీరు ప్రాసెసర్ మీద వేస్తారు. కార్డు 97-99 దగ్గర నిలబడితే అడ్డం కార్డే. 60, 70 మధ్య ఊగుతుంటే ప్రాసెసర్ ఫ్రేములు అందించలేకపోతోంది. వంట ఆలస్యమైతే వడ్డించేవాడు ఖాళీగా నిలబడినట్టు.

ఇంకా అనుమానముంటే అదే సీన్‌లో రిజల్యూషన్ 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ ఎగబాకితే కార్డు మార్చాలి, కదలకపోతే ప్రాసెసర్. 144 హెర్ట్జ్ కావాలంటే ఒక్కో ఫ్రేము 6.9 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. 60కైతే 16.7 ఉంటాయి. అందుకే 60 దగ్గర హాయిగా నడిచే ప్రాసెసర్ 144 దగ్గర చతికిలపడుతుంది.

డబ్బు తీసేముందు ర్యామ్ స్పీడు చూడండి. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో 2133 గానీ 2400 గానీ ఉంటే ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయలేదన్నమాట. స్లాట్లు నాలుగుంటే స్టిక్కులు ప్రాసెసర్ వైపునుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి.

తూర్పుగాలి

చూశానన్నా. వాలొరాంట్‌లో కార్డు 55-65 మధ్య, 720పీకి దించినా ఎఫ్‌పీఎస్ కదల్లేదు. సైబర్‌పంక్‌లో 98, వీర్యామ్ 5.6 జీబీ. ర్యామ్ 2400లో ఉంది, 3200 చేశాక కనిష్ఠ ఫ్రేములు కాస్త లేచాయి కానీ కుదుపులు పూర్తిగా పోలేదు. రోజూ ఆడేది వాలొరాంటే, సైబర్‌పంక్ వీకెండ్‌లో.

పిన్నుజాగ్రత్త

అయితే ఇక ఆలోచించక్కర్లేదు, రైజెన్ 5 5600 వేయండి. బోర్డు, ర్యామ్, కూలర్ అన్నీ అవే ఉంటాయి, ఇదీ 65 వాట్లదే. 2600లో 16 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) మూడేసి కోర్లకు 8 చొప్పున రెండు ముక్కలుగా ఉంటుంది. 5600లో 32 ఎంబీ, ఆరు కోర్లకీ ఉమ్మడిగా. మీ కుదుపులు చాలావరకు తగ్గేది అక్కడే. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ ఇంకా బాగుంటుంది గానీ కొత్తది దొరకడం కష్టం, పైగా 105 వాట్లది కాబట్టి మంచి కూలర్ కొనాలి. ఏఎం5 అంటే బోర్డుతోపాటు డీడీఆర్5 కూడా కొనాలి. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు చూస్తున్నవాళ్లెవరూ ఆ సలహా ఇవ్వరు, అమ్మేవాళ్లు తప్ప.

అసలు గొడవ వచ్చేది మార్చేటప్పుడు. 2600 బోర్డులో ఉండగానే బయోస్ (బోర్డుని మొదట నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. ముందే 5600 పెట్టేస్తే పాత బయోస్ దాన్ని గుర్తుపట్టదు, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, బోర్డు కంపెనీ సైట్ నుంచి మీ మోడల్, రివిజన్ నంబర్ చూసుకుని ఫైల్ తీసుకోండి. కొన్ని బోర్డులకు మధ్యలో ఒక వెర్షన్ వేశాకే కొత్తది ఎక్కుతుంది, ఆ పేజీలో నోట్ చదవండి. అప్‌డేట్ అయ్యాక ఎక్స్ఎంపీ మళ్లీ ఆఫ్ అయిపోతుంది, మళ్లీ ఆన్ చేయాలి.

డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉందేమో చూసుకుని, ఉంటే రికవరీ కీ ఫోన్లో రాసిపెట్టుకుని లాక్ ఆపేయండి. కొత్త ప్రాసెసర్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎఫ్‌టీపీఎం (ఆ తాళం కీ దాచే భాగం) రీసెట్ చేయాలా అని వై/ఎన్ అడుగుతుంది. కీ లేకుండా వై నొక్కితే డ్రైవ్ తెరుచుకోదు.

కూలర్ తీసేముందు ఏదైనా గేమ్ పది నిమిషాలు నడిపి వేడెక్కించండి. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు వదులు చేశాక కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ తీయాలి. చల్లగా ఉన్నప్పుడు పైకి లాగితే మధ్యలో ఎండిన థర్మల్ పేస్ట్ పట్టేసి, లివర్ మూసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌తోపాటు ఊడి వస్తుంది. ఏఎం4లో 1331 పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, అవే వంగేవి.

పవర్‌కట్

వాలొరాంట్ వరకు ఒప్పుకుంటా. కానీ 1660 సూపర్‌కి ఇంకో గడువుంది. దాంట్లో రే ట్రేసింగ్ (గేమ్‌లో కాంతిని లెక్కగట్టి చూపే పద్ధతి) హార్డ్‌వేర్ లేదు. 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్‌కి అది తప్పనిసరి, సెట్టింగులు ఎంత తగ్గించినా ఆ కార్డు మీద నడవదు. మీకు కావాల్సిన గేమ్ రిక్వైర్‌మెంట్స్‌లో ఆ మాట కనిపించిన రోజే కార్డు మార్చే రోజు.

అప్పుడు కొనేది జాగ్రత్తగా చూడండి. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 5060 మూడూ ఎనిమిది లేన్ల (బోర్డుతో డేటా మార్చుకునే దారుల) కార్డులే, బీ450లో పాత, నెమ్మదైన పీసీఐఈ 3.0 స్లాట్ మీద నడుస్తాయి. 8 జీబీ వీర్యామ్ సరిపోయినంతవరకు పెద్ద తేడా తెలీదు. నిండితే డేటా ఆ సన్నని దారిలో మెయిన్ ర్యామ్‌కి వెళ్లి రావాలి, అక్కడ బాగా తడబడుతుంది. 16 లేన్లు, 16 జీబీ ఉన్న ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ ఈ బోర్డుకి మేలు. ఆర్క్ బీ580 మాత్రం వద్దు, పాత ప్రాసెసర్లతో దాని డ్రైవర్ బాగా నెమ్మదిస్తుంది. 5600 వేశాకా రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ వీర్యామ్ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే బయోస్ సెట్టింగు) ఆన్ చేయనిదే దాన్ని ముట్టుకోవద్దు.

పవర్ సప్లై మంచి కంపెనీది, ఐదారేళ్లు దాటనిదైతే 450 వాట్లు ఈ కార్డులకి సరిపోతుంది. యూపీఎస్ సంగతే ఎవరూ అడగరు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏది సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే, మానిటర్‌తో కలిపి. గేమ్ మధ్యలో కరెంటు పోయినప్పుడు సిస్టమ్ కూడా ఆరిపోతోందంటే ముందు ఆ యూపీఎస్ వెనక స్టిక్కర్ చదవండి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ కార్డు చూస్తే అక్కడే ఫర్‌మార్క్ (కార్డుని పూర్తిగా శ్రమపెట్టే టెస్ట్) పది నిమిషాలు నడిపించమనండి. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడైన చోటు) వేడి కోర్ వేడికన్నా 25 డిగ్రీలు పైన ఉంటే పేస్ట్ ఎండిపోయినట్టు, బేరం ఆడొచ్చు. స్క్రీన్ మీద రంగు చుక్కలొస్తే మాత్రం ఎంత తగ్గించినా తీసుకోవద్దు.