అప్‌డేట్: కుళ్లిన ఐరిస్ దుంపల సంగతి

బంకమట్టిలో నాటిన, దుంపల నుంచి పెరిగే పూల మొక్కలైన బియర్డెడ్ ఐరిస్‌లు ఆకులు పసుపెక్కి వాలిపోతున్నాయని వానాకాలంలో అడిగాను కదా, ఎరువు తక్కువైందేమో అని. కాదు. తవ్వి చూస్తే దుంపలు మెత్తగా, ముక్కు మూసుకునేంత కంపు! మీలో ఇద్దరు చెప్పినట్టే బ్యాక్టీరియా కుళ్లు.

తప్పు నాదే. అల్లంలా ఉందని అల్లంలాగే లోతుగా పాతిపెట్టాను. ఈ దుంప వీపు ఎండకు కనిపించాలట, వేళ్లు మాత్రమే మట్టిలో ఉండాలి. కుళ్లిన భాగాన్ని గట్టి కండ తగిలేదాకా కోసేసి, రెండు రోజులు ఆరబెట్టి, ముతక ఇసుక కలిపిన ఎత్తు మడిలో పైపైనే నాటాను. తొమ్మిదింట్లో ఐదు బతికాయి. కొత్త ఆకులు వచ్చాయి, పూలు ఇంకా లేవు. వీటికి చలికాలపు చల్లదనం బాగా తగలాలి కాబట్టి అప్పుడే ఆశ పెట్టుకోవట్లేదు.

వీటిని మొదట నాటిన, నీళ్లు నిలిచే ఆ పాత మూలను వదిలేయలేదు. అక్కడ లూసియానా ఐరిస్ పెట్టాను. దానికి తడి, కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి, వేడి అన్నీ సరిపడతాయి. నిజం చెప్పాలంటే ఇప్పుడు అదే ఎక్కువ హుషారుగా ఉంది. సున్నం వేస్తే ఆ ఆమ్లగుణం తగ్గిపోతుంది కాబట్టి, సున్నం వేయమని ఇక్కడ వచ్చిన సలహా మాత్రం ఆ మూలలో పాటించలేదు, ఏమనుకోవద్దు.