1980 తర్వాత అల్ జారో జాజ్‌ని వదిలేశాడా?

పాతరికార్డు:
నా వాదన సూటిగా చెప్పేస్తాను. 1975 నుంచి 1978 దాకా అల్ జారో పాడినట్టు అమెరికాలో మగ గొంతు ఇంకొకటి పాడలేదు. 1980లో జే గ్రేడన్ అనే నిర్మాత చేతికి వెళ్ళాక ఆయన పాప్ గాయకుడైపోయాడు. మంచి పాప్ గాయకుడే, కాదనను. కానీ చేజారింది చాలా పెద్దది.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1940లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో పుట్టాడు. తండ్రి సెవెంత్ డే అడ్వెంటిస్ట్ పాస్టరు, తల్లి చర్చిలో పియానో వాయించేది. రిపన్ కాలేజీలో సైకాలజీ డిగ్రీ, అయోవా యూనివర్సిటీలో వొకేషనల్ రిహాబిలిటేషన్‌లో మాస్టర్స్. శాన్‌ఫ్రాన్సిస్కోలో రిహాబిలిటేషన్ కౌన్సెలర్‌గా పగలంతా ఉద్యోగం, రాత్రి జార్జ్ డ్యూక్ ట్రయోతో హాఫ్ నోట్ అనే క్లబ్బులో పాట. ఆ తర్వాతే ఉద్యోగం వదిలి పాటనే నమ్ముకున్నాడు. మొదటి ఆల్బమ్ 'వి గాట్ బై' 1975లో వచ్చేసరికి ఆయనకి 35 ఏళ్ళు. అందులో పాటలన్నీ సొంతంగా రాసుకున్నవే.

1977లో వచ్చిన 'లుక్ టు ద రెయిన్‌బో' యూరప్ పర్యటనలో స్టేజి మీద రికార్డు చేసింది. అందులో 'టేక్ ఫైవ్' వినండి. పాల్ డెస్మండ్ కట్టిన ఆ బాణీని డేవ్ బ్రూబెక్ జాజ్ క్వార్టెట్ 1959లోనే రికార్డు చేసి, ప్రపంచమంతా వినిపించేసింది. దాన్ని ఈయన ఒక్క గొంతుతో పట్టుకుంటాడు. పెదవులతో డ్రమ్ము, కంఠంతో బేసు, మధ్యలో మాట, మాటలోంచి స్కాట్, అంటే అర్థం లేని పలుకులతో అప్పటికప్పుడు అల్లే పాట. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో నాకు ఇప్పటికీ దొరకదు. ఆ ఆల్బమ్‌కి 1978లో జాజ్ గాత్రానికి గ్రామీ వచ్చింది. మరుసటి ఏడు 'ఆల్ ఫ్లై హోమ్'కి కూడా.

ఇక 1981 నాటి 'బ్రేకిన్ అవే'. పెద్ద హిట్టు 'వి ఆర్ ఇన్ దిస్ లవ్ టుగెదర్' బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల జాబితాలో 15వ స్థానానికి వెళ్ళింది. ఆ పాట రాసింది ఎవరు? రోజర్ మరా, కీత్ స్టెగాల్. కంట్రీ సంగీతం మనుషులు. తన పాట తానే రాసుకునేవాడికి తెచ్చిపెట్టుకున్న పాటతో పేరొచ్చింది. నా బాధ ఇదీ.

ఖండగతి:
పాతరికార్డు గారూ, అదే ఆల్బమ్‌లో మీరు పేరు కూడా ఎత్తని పాట ఒకటుంది: 'బ్లూ రోండో ఎ లా టర్క్'. బ్రూబెక్ ఇస్తాంబుల్ వీధుల్లో వాద్యగాళ్ళ దగ్గర విన్న లయ మీద కట్టిన బాణీ. దానికి మాటలు రాసింది జారోయే. నేను మృదంగం వాయిస్తాను కాబట్టి నా భాషలో చెప్తాను. తొమ్మిది అక్షరాలు, అంటే తాళంలో తొమ్మిది చిన్న లెక్కలు. కానీ మనం సంకీర్ణం (తొమ్మిది లెక్కల నడక) అనగానే అలవాటుగా వేసుకునే నాలుగు, ఐదు కాదు. ఇలా వస్తుంది:

తక తక తక తకిట
తక తక తక తకిట
తక తక తక తకిట
తకిట తకిట తకిట

చేత్తో వేసి చూడండి. మూడు ఆవృత్తాలు ఒక నడక, నాలుగోది ఇంకో నడక. నాలుగోదాంట్లో మనసు కాస్త పక్కకి పోయిందంటే చెయ్యి తప్పిపోతుంది. జారో ఆ వేగంలో ప్రతి అక్షరానికీ ఒక మాట ముక్క పెట్టి, స్పష్టంగా పలుకుతూ పాడాడు. ఒక్క పలుకు కూడా నమిలెయ్యలేదు. వెనక డ్రమ్స్ మీద స్టీవ్ గ్యాడ్. జాజ్ వదిలేసినవాడు చేసే పనా ఇది?

ఇంకో సంగతి. 'లుక్ టు ద రెయిన్‌బో'లో కీబోర్డు టామ్ కానింగ్, బేసు అబ్రహాం లాబోరియెల్. 'బ్రేకిన్ అవే'లోనూ ఆ ఇద్దరూ ఉన్నారు. కానింగ్ పాటల రచనలో కూడా చెయ్యి వేశాడు. కూర్చున్న మనుషులు వాళ్ళే, అద్దం అవతల గ్రేడన్ వచ్చాడంతే.

పాతరికార్డు:
ఖండగతి గారూ, 'బ్లూ రోండో' గొప్పదే. కానీ అది ఎక్కడుందో చూడండి. ఆ ఎల్‌పీలో తొమ్మిది పాటలు. రెండో వైపు చివర్లో 'బ్లూ రోండో', దాని వెనక 1950ల నాటి పాత పాట 'టీచ్ మి టునైట్'. జాజ్ అనదగ్గవి ఆ రెండే, రెండూ ఆఖరున. ముందున్న ఏడూ రేడియోకి నున్నగా చెక్కినవి. పాత శ్రోతలు అలగకుండా చివర్లో రెండు పెట్టినట్టుంది నాకు.

సియాటిల్ అక్క:
పాతరికార్డు గారూ, మీ ప్రశ్నలోనే ఒక ఊహ దాగి ఉంది. మొదట ఆయన జాజ్ ఇంట్లో ఉన్నాడని, తర్వాత బయటికి నడిచాడని. మీరు అంతగా ప్రేమించే 'వి గాట్ బై'నే మళ్ళీ పెట్టుకుని వినండి. అందులో జాజ్ ఎంత? టైటిల్ పాట చిన్నతనంలో చాలీచాలని ఇంట్లో ఎలా నెట్టుకొచ్చామో చెప్పే సోల్ పాట, అంటే నల్లజాతి చర్చి పాటల ఛాయలోంచి పుట్టిన బాణీ. చర్చి పియానో పక్కన పెరిగినవాడి పాట అది. గొంతు వంపుల్లో జాజ్ ఉంది, ఒప్పుకుంటాను. కానీ పాట నేల సోల్. 1975లోనే ఆయన నడిచింది రెండు దారుల మీద.

జాజ్ కళ, సోల్ వ్యాపారం, పాప్ పతనం అని మెట్లు కట్టడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. నల్లజాతి చర్చిల్లో, క్లబ్బుల్లో పెరిగిన గాయకులు ఆ మెట్లు కట్టుకోలేదు. ఒకే రాత్రి ఒకే స్టేజి మీద స్టాండర్డ్ (జాజ్ వాళ్ళందరూ పాడే పాత పాట) పాడి, వెంటనే గాస్పెల్ (చర్చి పాట) ఛాయ ఉన్న పాట పాడి, ఆ తర్వాత డాన్స్ పాట ఎత్తుకునేవాళ్ళు. అరలు కట్టింది రికార్డు షాపులు, రేడియో స్టేషన్లు, చార్టులు. 1982 గ్రామీలు చూడండి. 'బ్రేకిన్ అవే'కి పాప్ గాత్రం అవార్డు, అందులోని 'బ్లూ రోండో'కి జాజ్ గాత్రం అవార్డు, ఒకే ఏడు, ఒకే మనిషికి. అవార్డులిచ్చేవాళ్ళే ఆయన్ని ఒక అరలో పెట్టలేకపోతే మనం ఎందుకు పెట్టాలి?

పాట తెచ్చిపెట్టుకున్నాడన్న మాట కూడా నాకు అన్యాయంగా ఉంది. ఆ ఒక్క హిట్టూ వేరేవాళ్ళది. మిగతావాటిలో చాలా పాటల రచనలో జారో పేరుంది.

గోదారిగట్టు:
అక్క చెప్పిన దాంట్లో సగానికి నేనూ ఓటేస్తాను, సగానికి వెయ్యను. అరలు కట్టింది వ్యాపారమే, నిజం. కానీ అరలు అబద్ధమైనంత మాత్రాన పాటలన్నీ సమానమైపోవు కదండీ. 1984లో వచ్చిన 'హై క్రైమ్' విన్నారా? సింథసైజర్లు, గట్టి యంత్రపు దెబ్బ లాంటి డ్రమ్ము. పెదవులతో డ్రమ్ము వాయించగల మనిషి పక్కన యంత్రాన్ని కూర్చోబెట్టారు. దాంతో ఆయన గొంతుకి చోటే మిగల్లేదు. నాకు జాజా, పాపా అన్నది సమస్య కాదు. ఊపిరాడే సందు ఉందా లేదా అన్నదే సమస్య. 'బ్రేకిన్ అవే'లో ఉంది, 'హై క్రైమ్'లో లేదు. రెండూ గ్రేడన్ చేసినవే, రెండూ పాపే. కాబట్టి పాతరికార్డు గారు గీసిన గీత 1980 దగ్గర కాదు, ఇంకాస్త ఇవతల పడాలి.

ఖండగతి:
గోదారిగట్టు గారూ, ఆ సందు అన్న మాట నాకు బాగా పట్టింది. మృదంగంలోనూ అంతే. గాయకుడు సాగదీసినప్పుడు మనం కాస్త ఆగాలి, ఆయన తొందరపడితే పట్టుకోవాలి. యంత్రం ఆగదు, పట్టుకోదు. జారో విద్యంతా ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఉంది. దెబ్బకి వెంట్రుకవాసి ముందు మాట వేస్తాడు, మరుసటి మాటని వెనక్కి లాగుతాడు. అవతల మనిషి ఉంటేనే అది అర్థవంతం.

మిల్వాకీ తమ్ముడు:
పెద్దలందరికి నమస్తే. నేను ఉండేది ఆయన పుట్టిన ఊర్లనే, కాని ఈయన పేరు ఇన్నది మస్తు లేటు. నాకు ముందు తెల్సింది 'మూన్‌లైటింగ్' సీరియల్ టైటిల్ పాట. అది గూడ ఈయనదే అని తర్వాత తెల్సింది. సంగీతం లీ హోల్డ్రిడ్జ్, మాటలు జారో. నా అసొంటోనికి పాప్ పాటనే తలుపు. ఆ తలుపు లేకుంటే నేను 'టేక్ ఫైవ్' దాకా వచ్చేటోన్నే కాదు. ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. పదేండ్లు క్లబ్బులల్ల పాడి, 35 ఏండ్లకు మొదటి రికార్డు చేసినోడు, నా పాట ఇంక నలుగురు ఇనాలె అనుకుంటే తప్పెట్లయితది? ఇప్పుడు ఏది పట్టుకోవాల్నో ఎవరన్న చెప్పుండ్రి.

సియాటిల్ అక్క:
తమ్ముడూ, 1994 నాటి 'టెండర్‌నెస్' పట్టుకో. స్టూడియోలోకి శ్రోతల్ని పిలిచి, వాళ్ళ ముందు పాడుతూ రికార్డు చేసింది. నిర్మాత మార్కస్ మిల్లర్, పియానో జో శాంపుల్, డ్రమ్స్ మళ్ళీ స్టీవ్ గ్యాడ్. 'మై ఫేవరిట్ థింగ్స్'లో ఒపెరా గాయని కాథ్లీన్ బాటిల్ పక్కన నిలబడి పాడతాడు. ఆవిడ గొంతు గాజులా ఉంటుంది. ఈయన దాన్ని మోయడానికి తన గొంతు పలచన చేసుకుంటాడు, పోటీకి దిగడు. సోల్, జాజ్, పాప్, బ్రెజిల్ పాటలు అన్నీ ఆ ఒక్క గదిలో ఉన్నాయి.

అంతకన్నా ముందు, 1992లో 'హెవెన్ అండ్ ఎర్త్'. దానికి ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) గాత్రానికి గ్రామీ వచ్చింది. మెత్తటి తొంభైల ఆర్ అండ్ బి అనుకుంటూ వింటూ ఉంటే, ఆఖరికి 'బ్లూ ఇన్ గ్రీన్' వస్తుంది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లోది! దాన్ని రెండు భాగాలుగా పరిచాడు. పాతరికార్డు గారూ, మళ్ళీ చివర్లో పెట్టాడంటారేమో. నాకైతే అదే ఆ ఆల్బమ్ గమ్యంలా వినిపిస్తుంది.

పాతరికార్డు:
అక్కా, 'వి గాట్ బై' సోల్ అన్న మాట కాదనలేను. కానీ నా బాధ స్టూడియో ఆల్బమ్ గురించి కాదు, 1977 స్టేజి గురించి. ఆ ఒక్క రికార్డులో ఏ పాట ఎక్కడికి పోతుందో ఆయనకే తెలియనట్టు పాడాడు. 'బ్లూ రోండో' అలా కాదు. ఖండగతి గారు వేసి చూపించినట్టు ప్రతి పలుకూ ముందే కుట్టేసి ఉంది. అద్భుతమైన కుట్టు, కానీ కుట్టే. అప్పటికప్పుడు పుట్టే పాటా, ఎప్పుడో కట్టిన పాటా అన్నదే నా లెక్కలో జాజ్ గీత. స్టేజి మీద ఆయన చివరిదాకా ఆ పని చేశాడని నేనూ ఒప్పుకుంటాను. 1980ల్లో ఆయన్ని అలాగే స్టేజి మీదే రికార్డు చేసి ఇంకా నాలుగు ఎల్‌పీలు వేసి ఉంటే ఎంత బాగుండేది! కంపెనీకి రేడియో పాట కావాల్సొచ్చింది, ఆయన ఇచ్చాడు.

గోదారిగట్టు:
ఈ మాట ముందే చెప్తే సగం చర్చ తగ్గేదండీ. ఇది జారో మీద ఫిర్యాదు కాదు, ఆయన రికార్డు కంపెనీ వార్నర్ వాళ్ళు ఏది రికార్డు చేశారన్న దాని మీద ఫిర్యాదు. ఆ మాటకొస్తే నేనూ మీ వెంటే.

ఖండగతి:
నేను మాత్రం మీ వెంట రాను. కుట్టిన పాట జాజ్ కాదంటే జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రాకి రాసిన వాటిలో సగం బయట నిలబడాలి. ముందే కట్టిన కోర్వై (ముగింపు లయ కట్టు) ఉన్నంత మాత్రాన తనిలో (మృదంగం ఒంటరిగా వాయించే భాగంలో) మనోధర్మం, అంటే అప్పటికప్పుడు పుట్టే ఊహ, లేదంటామా? తొమ్మిది అక్షరాల్ని అంత నిబ్బరంగా పలకాలంటే ముందు దానిలో కొన్నేళ్ళు ఆడుకుని ఉండాలి.

2017 ఫిబ్రవరి 12న, పర్యటనలు ఇక మానేస్తున్నానని ప్రకటించిన కొద్ది రోజులకే, ఆయన పోయారు. అదే రోజు రాత్రి ఆ ఏటి గ్రామీలు. అప్పటికి ఆయనకి ఏడు గ్రామీలు, జాజ్, పాప్, ఆర్ అండ్ బి మూడింటిలోనూ. అందులో 2007లో గిటారిస్టు జార్జ్ బెన్సన్‌తో కలిసి 'మార్నిన్'కి వచ్చింది పాప్ ఇన్‌స్ట్రుమెంటల్ విభాగంలో. గాయకుడికి వాద్య సంగీతం అవార్డు! 1983లో ఆయనే మాటలతో పాడిన పాప్ పాట అది. పాతరికార్డు గారూ, మీరు గీసిన గీత ప్రకారం పాప్ కిందికి పోయే 1983 నాటి 'జారో' ఆల్బమ్‌లోది ఒకసారి, బెన్సన్‌తో చేసిన 2006దాన్ని ఒకసారి వరసగా వినండి. రెండోదాంట్లో కుట్టు ఎక్కడుందో చూపించండి, అప్పుడు మాట్లాడదాం.