వీసా లేకుండా మలేసియా: అమ్మ ఈసీఆర్ పాస్‌పోర్టు, నాన్న మందులు, ఆవకాయ, నగలు

ప్రశ్న: మున్నేటి ఒడ్డు

అందరికీ నమస్కారం. నవంబరు రెండో వారంలో అమ్మానాన్నలను, నా భార్యను, ఏడేళ్ల పాపను వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ వెళ్లాలని అనుకుంటున్నాను. మొత్తం పన్నెండు రోజులు. కౌలాలంపూర్, పెనాంగ్, లంకావి చూసి, వీలైతే జొహోర్ మీదుగా ఒక్క రోజు సింగపూర్ కూడా వెళ్లి రావాలని ఆలోచన. మా ఇంట్లో ఇంతవరకూ నేను తప్ప ఎవరూ దేశం దాటలేదు.

భారతీయులకు వీసా అక్కర్లేదు కాబట్టి అక్కడ ఎవరూ ఏమీ అడగరని మా ఊరి ట్రావెల్ ఏజెంటు ధీమాగా చెప్పారు. మా ఆఫీసులో ఒకాయన మాత్రం తెలిసినవాళ్లను అక్కడి విమానాశ్రయం నుంచే వెనక్కి పంపారని భయపెట్టారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో అర్థం కావడం లేదు.

దీనికి తోడు మరికొన్ని సందేహాలు ఉన్నాయి. అమ్మ ఐదో తరగతి వరకే చదివింది, వయసు యాభై ఆరు. ఎనిమిదేళ్ల క్రితం తీసుకున్న ఆమె పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే విదేశానికి వెళ్లేముందు వలస అనుమతి తనిఖీ అవసరం అని ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పికి ట్రమడాల్ ఉన్న మాత్ర, నిద్రకు ఆల్ప్రజోలామ్ రోజూ కావాలి. ఇవి కాక ఆవకాయ, కంది పొడి, ఎండు కొబ్బరి, నేతి సున్నుండలు లేకుండా అమ్మ ఇల్లు కదలదు. ఆమె మెడలో, చేతులకు కలిపి పన్నెండు తులాల దాకా బంగారం ఉంటుంది. వీటిలో దేనికి అభ్యంతరం ఉంటుందో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: పెటాలింగ్ పక్షి

పదకొండేళ్లుగా కౌలాలంపూర్ పక్కనే ఉంటున్నాను. మా తమ్ముడి కుటుంబం, అత్తమామలు, స్నేహితులు, ఇలా ఏటా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు కాబట్టి ఈ విషయం చాలాసార్లు చూశాను. మీ ఏజెంటు చెప్పింది సగం నిజం, మీ సహోద్యోగి చెప్పింది మిగతా సగం.

మలేసియా ప్రభుత్వం 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు ముప్పై రోజుల వరకు వీసా మినహాయింపు ఇచ్చింది, తరువాత దానిని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది. ఇక్కడ మినహాయించింది వీసాను మాత్రమే, పరిశీలనను కాదు. వీసా ఉన్న రోజుల్లో రాయబార కార్యాలయంలో జరిగే విచారణ ఇప్పుడు విమానం దిగిన తరువాత కౌంటరు దగ్గర రెండు మూడు నిమిషాల్లో జరుగుతుంది. లోపలికి అనుమతించాలా వద్దా అన్న నిర్ణయం ఆ కుర్చీలో కూర్చున్న అధికారిదే.

వెళ్లేముందు తప్పనిసరిగా చేయవలసిన పని మలేసియా డిజిటల్ అరైవల్ కార్డు నింపడం. ఇది 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. మీరు దిగే తేదీకి ముందు మూడు రోజుల లోపలే నింపాలి. పాపతో సహా ప్రతి ఒక్కరికీ విడివిడిగా నింపాలి. దీనికి రుసుము ఏమీ లేదు. వెతికితే మొదట కనిపించే కొన్ని సైట్లు అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉండి ఒక్కొక్కరికి వేల రూపాయలు గుంజుతున్నాయి. డబ్బు అడిగితే అది అసలు సైటు కాదని తెలుసుకోండి.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తిరుగు టికెట్టు, హోటలు బుకింగు, ఖర్చులకు సరిపడా డబ్బు ఉన్నట్టు ఆధారం కాగితం మీద ఉంచుకోండి. ఫోనులో ఉన్నాయి కదా అనుకుంటే, సరిగ్గా ఆ వరుసలో నిలబడినప్పుడే నెట్ అందదు. కౌంటరు దగ్గర అయిదుగురూ కలిసి నిలబడండి. అమ్మగారిని, నాన్నగారిని వేరే వరుసలోకి పోనివ్వకండి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లను అధికారి ఒంటరిగా ప్రశ్నిస్తే వాళ్లు కంగారు పడతారు, ఆ కంగారే అవతలివారికి అనుమానంగా కనిపిస్తుంది.

ముద్ర మీద ఏ తేదీ వరకు అనుమతి ఉందో అక్కడే నిలబడి చూసుకోండి. గడువు దాటి ఉండటం ఇక్కడి వలస చట్టం ప్రకారం నేరం. పది వేల రింగిట్లకు తగ్గని జరిమానా గానీ, ఐదేళ్ల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. పన్నెండు రోజుల ప్రయాణానికి ఆ బెంగ లేదు గానీ, ఎవరైనా బంధువులు "ఇంకో నెల ఉండి వెళ్లండి" అంటే మాత్రం మొహమాటపడకండి.

సింగపూర్ ఆలోచన గురించి ఒక హెచ్చరిక. భారతీయులకు సింగపూర్ వీసా కావాలి. జొహోర్ నుంచి వంతెన దాటితే చాలు కదా అని చాలామంది అనుకుంటారు, అవతలి ఒడ్డున ఆపేస్తారు. వీసా తీసుకుని వెళ్లినా, తిరిగి మలేసియాలోకి వచ్చేటప్పుడు అరైవల్ కార్డు మళ్లీ కొత్తగా నింపాలి. ఒక్క రోజు కోసం పెద్దవాళ్లను ఆ వరుసల్లో నిలబెట్టడం నా దృష్టిలో అనవసరం. ఆ రోజును పెనాంగ్‌కు కేటాయిస్తే మేలు.

జవాబు: కడియం నర్సరీ

మా బావమరిదికి జరిగింది చెబుతాను. మీ సహోద్యోగి చెప్పింది కట్టుకథ కాదు.

గత ఏడాది మా బావమరిది, అతని ఇద్దరు స్నేహితులు సరదాగా వారం రోజులకని బయలుదేరారు. ముగ్గురూ పాతికేళ్లలోపు వాళ్లే. తిరుగు టికెట్టు ఉంది గానీ, హోటలు బుకింగును ఏజెంటు ఉచిత రద్దు సౌకర్యంతో చేయించి, ప్రింటు వీళ్ల చేతికిచ్చిన మర్నాడే రద్దు చేసేశాడు. కౌంటరు దగ్గర అధికారి ఆ హోటలుకు ఫోను చేసి అడిగితే అటువంటి పేర్లు లేవన్నారు. తరువాత ఏమి చూడబోతున్నారని ముగ్గురినీ విడివిడిగా అడిగితే మూడు రకాలుగా చెప్పారు. ఒకడి ఫోనులో అక్కడి రెస్టారెంటు ఉద్యోగాల గ్రూపు సందేశాలు కూడా ఉన్నాయట. చివరకు ముగ్గురికీ ఎన్‌టీఎల్ కాగితం, అంటే దేశంలో దిగనివ్వడం లేదన్న నోటీసు ఇచ్చి, ఒక రాత్రంతా అక్కడి గదిలో ఉంచి, మర్నాడు వచ్చిన విమానంలోనే తిప్పి పంపారు. అలా పంపినప్పుడు తీసుకువచ్చిన విమాన సంస్థే వెనక్కి తీసుకువెళ్లాలి. హోటలు డబ్బూ, ముందే కొన్న లంకావి టికెట్ల డబ్బూ మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

తప్పు పూర్తిగా అధికారులదని నేను అనను. వీసా లేని వెసులుబాటును అడ్డం పెట్టుకుని పనికోసం వచ్చేవాళ్లను అడ్డుకోవడమే వాళ్ల పని. 2025 నుంచి సరిహద్దు తనిఖీల బాధ్యతను అక్కడ ప్రత్యేకంగా ఏర్పడిన ఏకేపీఎస్ అనే సంస్థ చూస్తోంది. మీరు కుటుంబంతో, చిన్నపాపతో వెళుతున్నారు కాబట్టి ఆ కోవలోకి రారు. అయినా బుకింగు నిజమైనదై ఉండాలి, ఎక్కడ ఎన్ని రోజులన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మీ అమ్మగారికి "బతు గుహలు, మురుగన్ గుడి" అన్న రెండు మాటలు వస్తే చాలు.

జవాబు: మందుల చీటీ

గుంటూరులో ముప్పై ఏళ్లు మందుల దుకాణం నడిపాను. మా అమ్మాయి పెనాంగ్‌లో ఉంటుంది కాబట్టి ఏటా వెళ్లి వస్తాను. మీ సంచిలోని వస్తువుల గురించి మాత్రమే రాస్తాను.

ముందుగా మందులు. మీ నాన్నగారి రెండు మాత్రలూ నియంత్రణలో ఉన్నవే. ట్రమడాల్‌ను మన దేశంలోనే 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. ఆల్ప్రజోలామ్ మలేసియాలో మానసిక ప్రభావం చూపే మందుల నిబంధనల కిందికి వస్తుంది. అందువల్ల వాటిని తీసుకువెళ్లకూడదని కాదు. డాక్టరుగారి చేత లెటర్‌హెడ్ మీద, రోగి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, మందుల పేర్లు రసాయన నామాలతో, రోజుకు ఎన్ని మాత్రలో స్పష్టంగా ఇంగ్లీషులో రాయించుకోండి. ప్రయాణానికి కావలసినన్ని, మరో నాలుగు రోజులకు అదనంగా మాత్రమే పెట్టుకోండి. మాత్రలను స్ట్రిప్పుల్లోంచి తీసి చిన్న డబ్బాల్లో పోసుకోవడం మన పెద్దవాళ్ల అలవాటు. ఈ ఒక్క ప్రయాణానికి దానిని మానిపించండి. కొన్న బిల్లు కూడా జత చేయండి. ఇవన్నీ చేతిసంచిలో, నాన్నగారి దగ్గరే ఉండాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మలేసియా మాదకద్రవ్యాల చట్టం 1952 నాటిది, చాలా కఠినమైనది. రవాణా నేరానికి తప్పనిసరి మరణశిక్షను 2023లో తొలగించారు గానీ, మరణశిక్ష విధించే అధికారం న్యాయమూర్తికి ఇప్పటికీ ఉంది. రెండు వందల గ్రాముల గంజాయి దొరికితే చాలు, రవాణా చేస్తున్నట్టే చట్టం భావిస్తుంది, కాదని నిరూపించుకోవలసింది పట్టుబడినవారే. అందుకే విమానాశ్రయంలో ఎవరైనా పక్క ఊరివారు, మన భాష మాట్లాడేవారు, "మా బంధువులకు ఈ పొట్లం ఇవ్వండి" అని బతిమాలితే మనసు రాయి చేసుకుని కాదనాలి. పచ్చడి సీసా అయినా సరే.

ఇక తినుబండారాలు. ఆవకాయ కారపు పచ్చడి కాబట్టి, నూనె కూడా ఉంటుంది కాబట్టి, దానిని చేతిసంచిలో అనుమతించరు. గట్టిగా సీలు చేయించి చెక్-ఇన్ పెట్టెలో వేయండి. ఎండు కొబ్బరి సంగతి చాలామందికి తెలియదు: దానిలోని నూనె వల్ల మండే స్వభావం ఉందని దానిని చెక్-ఇన్ సామానులో నిషేధించారు. చెప్పినా వినకుండా పెట్టి, శంషాబాద్‌లో పెట్టె విప్పించుకుని, కుంకుమ పొట్లాలతో సహా అన్నీ బల్ల మీద పరిచిన కుటుంబాన్ని నా కళ్లతో చూశాను. కంది పొడిని ఇంటి పొట్లాల్లో కాకుండా, లేబులు ఉన్న దుకాణపు ప్యాకెట్లలో తీసుకువెళ్లడం మేలు. పేరు లేని పొడి ఏదైనా స్కానరు దగ్గర ప్రశ్నే అవుతుంది.

మొక్కలు, విత్తనాలు, పచ్చి పండ్లు, కరివేపాకు, మాంసం, పాల పదార్థాలు మాకిస్ అనే అక్కడి క్వారంటైన్ శాఖ పరిధిలోకి వస్తాయి, అనుమతిపత్రం అడుగుతారు. నేతి సున్నుండలు కొద్దిగా, తినడానికి మాత్రమే ఉంటే నన్ను ఎన్నడూ ఆపలేదు. అయినా సందేహం ఉన్న వస్తువుతో కస్టమ్స్ దగ్గర ఆకుపచ్చ దారిలో, అంటే చూపించవలసింది ఏమీ లేనివారి దారిలో నడవకండి. ఎర్ర దారిలోకి వెళ్లి చూపించండి. మహా అయితే తీసి పారేస్తారు, దాచినందుకు పడే జరిమానాతో పోలిస్తే అది చాలా చిన్న నష్టం. మద్యం ఒక లీటరు వరకు సుంకం లేదు.

జవాబు: అబుదాబి అల్లుడు

పై వివరాలకు ఒకటి చేర్చాలి. గసగసాలు అసలు తీసుకువెళ్లకండి, జైలే.

జవాబు: మందుల చీటీ

అల్లుడుగారూ, మీరు చెప్పింది యూఏఈ విషయంలో అక్షరాలా నిజం. అక్కడ గసగసాలు నిషిద్ధం, వాటి వల్ల మనవాళ్లు ఇబ్బంది పడ్డారు. అయితే ఒక దేశపు జాబితాను మరో దేశానికి అంటగట్టడం వల్లనే ఇటువంటి చర్చల్లో భయాలు పెరుగుతాయి. మలేసియాలో కుర్మాలో గసగసాలు వేసే వంటలు ఉన్నాయి. పన్నెండు రోజుల ప్రయాణానికి గసగసాలు ఎందుకన్నది వేరే ప్రశ్న.

జవాబు: పెటాలింగ్ పక్షి

డబ్బు, బంగారం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మన దేశం నుంచి బయలుదేరేటప్పుడు భారతీయ నోట్లు ఒక్కొక్కరు ఇరవై అయిదు వేల రూపాయల వరకే తీసుకువెళ్లవచ్చు. మలేసియాలో దిగేటప్పుడు చేతిలోని నగదు పది వేల అమెరికన్ డాలర్ల విలువను దాటితే ప్రకటించాలి. మీకు ఆ అవసరం రాదు. హోటలులో విదేశీయుల నుంచి గదికి రాత్రికి పది రింగిట్ల పర్యాటక పన్ను విడిగా తీసుకుంటారు, గొడవ పడకండి.

లంకావి సుంకం లేని ద్వీపం. అయితే అక్కడి రాయితీ కనీసం నలభై ఎనిమిది గంటలు ద్వీపంలో ఉన్నవారికే వర్తిస్తుంది. ఉదయం వెళ్లి మర్నాడు సాయంత్రం తిరిగి వస్తూ సంచుల నిండా చాక్లెట్లు, అత్తరు సీసాలు తెచ్చుకుంటే తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ వారు లెక్క అడగవచ్చు. రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. అక్కడ వేప్ పరికరాలు కనిపించినా మీ బంధువుల కోసం కొనకండి. ఈ-సిగరెట్ల దిగుమతిని మన దేశం 2019లోనే నిషేధించింది.

అమ్మగారి నగల విషయంలో మలేసియా వైపు ఇబ్బంది లేదు. ఇబ్బంది తిరిగి హైదరాబాద్‌లో దిగినప్పుడు. విదేశంలో ఏడాదికి మించి ఉండి వచ్చేవారికే నగల మీద ప్రత్యేక మినహాయింపు ఉంటుంది, పన్నెండు రోజులకు వెళ్లి వచ్చేవారికి కాదు. ఆ పన్నెండు తులాలూ మన దేశం నుంచే తీసుకువెళ్లినవని ఎలా రుజువు చేస్తారు? బయలుదేరే రోజున, చెక్-ఇన్‌కు ముందే కస్టమ్స్ వారికి నగలు చూపించి ఎగుమతి ధ్రువీకరణ పత్రం తీసుకోవచ్చు. బిల్లులు గానీ, తూకంతో మదింపు చేయించిన కాగితం గానీ వెంట ఉంటే పని త్వరగా అవుతుంది. నన్ను అడిగితే తాళి, ఒక జత గాజులు ఉంచుకుని మిగిలినవి లాకరులో పెట్టి రమ్మంటాను. బతు గుహల దగ్గర రెండు వందల డెబ్భై రెండు మెట్లు ఎక్కాలి, కోతులు కూడా ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు: మున్నేటి ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. సింగపూర్ మానుకున్నాం. ఎండు కొబ్బరి సంగతి అమ్మకు చెబితే ఒక పూట మాట్లాడలేదు. అయితే ఆమె ఈసీఆర్ పాస్‌పోర్టు గురించి ఎవరూ చెప్పలేదు.

జవాబు: కడియం నర్సరీ

క్షమించండి, అది రాయాలనే మొదలుపెట్టి బావమరిది కథలో పడిపోయాను. పదో తరగతి పాస్ కాని వారు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు మోసపోకుండా 1983 నాటి వలస చట్టం కింద ఈ తనిఖీని పెట్టారు. తనిఖీ అవసరమైన దేశాల జాబితాలో గల్ఫ్ దేశాలతో పాటు మలేసియా కూడా ఉంది. ఉద్యోగానికి కాకుండా చూడటానికి వెళ్లేవారికి ఆ అనుమతి అక్కర్లేదు. తిరుగు టికెట్టు చూపించాలి. కొడుకు, కోడలు, మనవరాలు పక్కనే ఉంటారు కాబట్టి శంషాబాద్‌లో ఒకటి రెండు ప్రశ్నలతో పని పూర్తవుతుంది.

అంతకంటే మంచి మార్గం ఇంకొకటి ఉంది. యాభై ఏళ్లు దాటినవారు చదువుతో సంబంధం లేకుండా ఈసీఆర్ మినహాయింపుకు అర్హులు. అమ్మగారు పాస్‌పోర్టు రీ-ఇష్యూకు దరఖాస్తు చేసుకుంటే ఆ మాటే తీసేసి ఇస్తారు. ప్రయాణానికి ఇంకా నెలలు ఉన్నాయి కాబట్టి ఇప్పుడే చేయించండి. కొత్త పాస్‌పోర్టుకు నంబరు మారుతుంది. ఇప్పటికే టికెట్లు కొని ఉంటే విమాన సంస్థకు కొత్త నంబరు ఇవ్వండి, అరైవల్ కార్డులో కూడా అదే రాయండి.

ప్రశ్న అడిగినవారు: మున్నేటి ఒడ్డు

టికెట్లు ఇంకా కొనలేదు. సోమవారం అమ్మను తీసుకుని పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళుతున్నాను.