పాత వ్యాగనార్‌లో కూలెంట్ కారుతోంది, ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

కావలి టీచర్:
అందరికీ నమస్తే. మా నాన్న వాడిన పాత వ్యాగనార్, పెట్రోలు బండి, ఇప్పుడు నా చేతికొచ్చింది. రోజూ సింగరాయకొండ దగ్గర స్కూలుకి దాంట్లోనే పోయొస్తా. కొద్ది రోజులుగా కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం దిగిపోతా ఉంది. పొద్దున బండి తీస్తే గచ్చు మీద అరచెయ్యంత తడి. నిన్న సాయంత్రం వస్తుంటే ఉలవపాడు దగ్గర ఎర్ర లైటు వెలిగింది. మామిడికాయల అంగళ్ళ పక్కన నీడలో ఆపి, చల్లారాక నీళ్ళు పోసుకుని ఇల్లు చేరా. ఇక్కడ ఒక మెకానిక్‌ని అడిగితే బానెట్ ఎత్తకుండానే రేడియేటర్ మార్చాలన్నాడు. అంత ఖర్చు పెట్టేముందు లీకు ఎక్కడో నేనే తేల్చుకోవాలనుంది. స్పానర్లు, కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్ ఉన్నాయి. మా ఇంటి బోరు నీళ్ళే పోస్తున్నా, పర్లేదా?

రిటైర్డ్ డిపో మెకానిక్, నెల్లూరు:
తప్పకుండా తేల్చుకోవచ్చమ్మా. బానెట్ ఎత్తకుండా చెప్పిన మాట నమ్మబాక.

అన్నిటికంటే ముందు, ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోబాక. లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత వదులైన క్షణం ఒక్కసారిగా ఆవిరై మీదికొస్తాయి. డిపోలో ఒక కుర్రాడు గుడ్డ కప్పి తిప్పితే చాలనుకున్నాడు. మెడ నుంచి భుజం దాకా బొబ్బలెక్కడం నేను కళ్ళారా చూశా. రేడియేటర్ పై భాగానికి తగిలించిన హోస్ పైపు చేత్తో హాయిగా పట్టుకోగలిగినప్పుడే మూత తియ్యి.

ఈ ఎండల్లో ఏసీ నీళ్ళు కూడా కింద కారతాయి. వాటికి రంగూ వాసనా ఉండవు. కూలెంట్ వేళ్ళ మధ్య రుద్దితే జిగటగా ఉంటుంది, తియ్యటి వాసన వేస్తుంది. రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి పెట్టు. పొద్దున చుక్కలు ఎక్కడ పడ్డాయో సరిగ్గా దానికి పైన బండిలో ఏముందో చూడు.

ఆగి ఉన్న బండి కింద తడి అన్నావు చూడు, అది పనికొచ్చే సంగతి. చల్లారేటప్పుడు రబ్బరు ఒక తీరున, ప్లాస్టిక్కు ఒక తీరున ముడుచుకుంటాయి. క్లిప్పు వదులైన పైపు అప్పుడే కారుతుంది, వేడెక్కితే మళ్ళీ ఆగిపోతుంది. నడిచేటప్పుడు మాత్రమే కారితే ప్రెషర్‌కి తెరుచుకునే పగులు ఎక్కడో ఉన్నట్టు.

టార్చి వేసి పైపులు మెడకి, అంటే రేడియేటర్‌కీ ఇంజనుకీ ఉన్న గొట్టం మూతికి, ఎక్కే చోట్లు చూడు. కారి ఆరిన దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటుంది, గోటితో గీకితే రాలుతుంది. ఆ జాడ పట్టుకుని పైకి పో. అన్నిటికంటే పైనున్న తడే అసలు లీకు. వాటర్ పంపుకి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే బయటికి తెలియాలనే దాన్ని పెట్టారు. అక్కడ కారితే పంపు మార్చాల్సిందే, రంధ్రం మూయకూడదు. రేడియేటర్ నడిమి భాగం అల్యూమినియం, దానికి బిగించిన తొట్లు ప్లాస్టిక్కు. ఆ అతుకు వెంట చెమ్మ ఉంటే మీ మెకానిక్ చెప్పిందే నిజం. ఎంసీల్ పెట్టినా ఆ వేడికి నిలవదు. ఆయిల్ మూత కూడా తీసి చూడు. లోపల పాలు కలిసిన కాఫీలాంటి నురగ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం, అప్పుడిక బండి నడపబాక.

బోరు నీళ్ళు మాత్రం ఆపెయ్యమ్మా. మన సముద్రం పక్క ఊళ్ళలో చాలాచోట్ల బోర్లు ఉప్పన. ఆ నీళ్ళు గిన్నెలో కాస్తే అడుగున తెల్ల పొర కడుతుంది కదా, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. దారిలో ఆగిపోతే ఏ నీళ్ళైనా పోసి ఇల్లు చేరాల్సిందే, కాదనను. ఇంటి దగ్గర మాత్రం బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే వాడు. మంచు పడని ఊళ్ళో కూలెంట్ ఎందుకని అడిగేవాళ్ళున్నారు. సగానికి సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, ఆ గుణం మనకి అక్కర్లేదు. తుప్పు పట్టకుండా అందులో వేసిన మందు మనకి కావాలి. నీళ్ళకంటే ఆలస్యంగా మరుగుతుంది, అదీ కావాలి.

లారీ ఓనర్, అద్దంకి:
చిన్న లీకుకి ఇంత శ్రమ ఎందుకు? మేము రేడియేటర్‌లో పసుపు పోసి ఎంతెంత దూరాలో తోలాం. ఇప్పుడు స్టాప్‌లీక్ సీసాలే దొరుకుతున్నాయి. ఒకటి పోసి చూడండి మేడమ్.

రిటైర్డ్ డిపో మెకానిక్, నెల్లూరు:
అయ్యా, పసుపు సంగతి నేనూ ఎరుగుదును. ఆ కాలం లారీ రేడియేటర్లు రాగి, ఇత్తడివి. కారితే టంకం పెట్టించుకునేవాళ్ళం, పూడిపోతే విప్పి కడిగించేవాళ్ళం. ఈ కారుది అట్టా కాదు. లీకుని మూసే పదార్థం సన్న గొట్టాల్నీ, హీటర్ దారినీ మూసేస్తుంది. నల్లమల ఘాట్‌లో రాత్రిపూట ఆగిపోతే పొయ్యమంటా. ఇంటి ముందున్న బండికి, క్లిప్పుతో పోయే లీకుకి మాత్రం వద్దు.

స్పేర్స్ షాపు, ఒంగోలు:
హోస్ పైపే అని తేలితే పాతది తెచ్చి పక్కన పెట్టి చూసి కొనండి మేడమ్. మోడల్ పేరు ఒకటే అయినా ఇంజను మారితే వంపు మారుతుంది. పాత పైపు కొసల దగ్గర నొక్కి చూడండి. మెత్తగా ఉబ్బి ఉన్నా, గట్టిపడి చిటచిటమన్నా దాని పని అయిపోయినట్టే. పైదీ కిందిదీ ఒకే వయసువైతే రెండూ మార్చుకోండి. మూత మీద 0.9 అనో 1.1 అనో ప్రెషర్ అంకె ఉంటుంది, కొత్తది కొంటే అదే అంకెది కొనాలి. కూలెంట్ రంగు చూసి కొనొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు కలుపుతుంది. మాన్యువల్లో ఏ రకం రాశారో అదే తీసుకోండి. రెడీమిక్స్ డబ్బా అయితే నీళ్ళు కలపకండి.

కావలి టీచర్:
అట్టముక్క పని చేసింది! చుక్కలన్నీ రేడియేటర్ కింది మెడ దగ్గర. క్లిప్పు చుట్టూ పచ్చ పొడి, పైపు కొస చీలింది. రేడియేటర్ అతుకు పొడిగానే ఉంది, ఆయిల్ శుభ్రంగా ఉంది. పైపూ క్లిప్పులూ తెచ్చా. కానీ పాతది ఊడి రావడం లేదు. మెడ ప్లాస్టిక్ కదా, గట్టిగా లాగాలంటే భయంగా ఉంది.

రిటైర్డ్ డిపో మెకానిక్, నెల్లూరు:
లాగబాకమ్మా, మెడ విరిగితే నిజంగానే రేడియేటర్ ఖర్చు మీద పడుతుంది. కింద బేసిన్ పెట్టి ఉన్నదంతా దింపు. క్లిప్పు జరిపి, పైపు కొసని బ్లేడుతో నిలువునా చీరు, మెడకి గీత పడకుండా. తొక్క తీసినట్టు వచ్చేస్తుంది. మెడ గుడ్డతో తుడువు. కొత్త పైపుకి గ్రీజు రాయకూడదు, కాస్త కూలెంట్‌తో తడిపి ఎక్కించు. మెడ చివర ఉబ్బెత్తు గట్టు ఉంటుంది, క్లిప్పు ఆ గట్టు దాటాక కూర్చోవాలి, గట్టు మీద కాదు. రబ్బరు తెగేంత బిగించబాక.

నింపేటప్పుడు మెల్లగా పొయ్యి. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉంటే మంచిది. హీటర్ వేడి వైపుకి తిప్పు. మూత తీసే ఉంచి, చల్లటి ఇంజను స్టార్ట్ చేసి వదిలెయ్యి. బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, అప్పుడు పొయ్యి. పొంగుకొచ్చేట్టుంటే ఇంజను ఆపు, మొహం దగ్గర పెట్టబాక. పై పైపు వేడెక్కిందంటే థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకున్నట్టు. బుడగలు ఆగాక నిండుగా పోసి మూత బిగించు, ఫ్యాన్ తిరిగి ఆగేదాకా చూడు.

బేసిన్‌లో దింపింది కాలవలో పొయ్యబాక, పెరట్లో వదలబాక. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ తాగుతాయి, మూత్రపిండాలు పోయి చస్తాయి. పసిపిల్లలకీ విషమే. సీసాలో పోసి మూత పెట్టి, ఏదన్నా గ్యారేజీలో పాత ఆయిలూ కూలెంటూ తీసుకుంటారేమో అడిగి ఇచ్చెయ్యి.

రేపు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం చూసి, క్లిప్పు ఇంకోసారి బిగించి, ఎట్టుందో ఇక్కడ రాయి.