‘ఆటల అరటిపండు’: పిల్లల పుస్తకంల ఈ మాట ఉంచాల్నా, తీసెయ్యాల్నా?

అందరికీ నమస్తే. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో చిన్న తరగతుల పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తుంటాను. ఈ ఎండాకాలం మేమే ఒక పుస్తకం తయారు చేసుకుంటున్నాం. పదహారు పేజీలు, పేజీకి ఒక బొమ్మ, ఒక్క వాక్యం. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర పోయిన ఒక పాప, వాడకట్టు పిల్లల దొంగాట, రెండో సగంల బడి నల్లా గురించి పిల్లలు సర్పంచ్ దగ్గరికి పోవుడు. ఇంతే కథ. మూడో పేజీ దగ్గర ఆగిపోయినం.

ఆ పేజీలో ఒక పిలగాడు ఆమెను "నువ్వు ఆటల అరటిపండు, రా!" అని పిలుస్తడు. ప్రేమగా పిలిచిన మాటే అనుకొని రాసిన. చదివి వినిపిస్తే మూడో తరగతి పాప ఒకామె అడిగింది: "సారూ, అరటిపండు ఎప్పుడన్న దొంగ అయితదా?" కాదమ్మా, అరటిపండును ఎవ్వరూ ఔట్ చెయ్యరు కదా అన్న. "మరి ఆమె ఆడినట్టెట్ల?" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్న తమ్ముడు ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి పుట్టిన మాట ఇది. ఆటలో నిలబెట్టుకుంటం, లెక్కలో పెట్టుకోం. తమ్ముడు రెండేండ్లకు పెద్దగయి అందులోంచి బయటపడతడు. ఈ పాప ఎప్పటికీ అరటిపండుగనే ఉండాల్నా? అందర్నీ కలుపుకునుడు అనేదానికి పిల్లల నోట్లో ఇమిడే మాట ఏదన్నా ఉంటే చెప్పండి.

దేవరకొండ నుంచి ఒక అక్క:
తమ్ముడూ, ఆ మాట తీసెయ్యకు. తీసేస్తే ఆ పాప అడిగిన ప్రశ్న కూడా పోతది. మూడో పేజీలో అరటిపండు అననియ్యి, పదో పేజీల ఆమెతోనే "నేను అరటిపండు కాదు" అనిపియ్యి. మంచి మాటలే ఏరి పెడితే పుస్తకం నీతిపాఠం లెక్క అయితది, పిల్లలు పక్కన పడేస్తరు.

పాలమూరు నుంచి తెలుగు పంతులు ఒకరు:
అందరు పిల్లల్నీ కలిపి చదివించడానికి (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్) బడి కాగితాల్లో మూడు మాటలు తిరుగుతున్నాయి: విలీన విద్య, సమ్మిళిత విద్య, సహిత విద్య. విలీనం అంటే కరిగి కలిసిపోవడం. నీళ్లలో చక్కెర విలీనమైతే చక్కెర కనబడదు. పైగా మన చెవికి విలీనం అనగానే హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబర్ 17 వినబడుతుంది. సమ్మిళితం బరువైన మాట, పిల్లల నోరు తిరగదు. నాకు సహితమే నచ్చుతుంది. సహితానికి ఎదురు మాట రహితం అని చెబితే నాలుగో తరగతి పిల్లాడికైనా అర్థమవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చిన నిర్వచనం చూడండి: వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి చదవాలి, వాళ్ల అవసరానికి తగ్గట్టు బోధన పద్ధతి మారాలి. మారాల్సింది పద్ధతి, పిల్ల కాదు. మీ కథలోనూ ఆట నియమం మారాలి.

బొమ్మలు వేసే ఒక చెల్లె:
సార్, మాట కన్నా ముందు బొమ్మ చూడుండ్రి. చదువు రాని పిల్లలు బొమ్మలే చదువుతరు. మీరు పంపిన మూడు పేజీల్లోనూ పాప మూలకు కూసొని తల పైకెత్తి చూస్తుంది, మిగతావాళ్లు నిలబడి కిందికి చూస్తున్నరు. మీరు ఏ మాట రాసినా ఆ బొమ్మ ‘అయ్యో పాపం’ అనే అంటది. ఆమెను పేజీ నడుమకు తీసుకరండి. మిగిలినవాళ్ల కండ్లు ఆమె కండ్ల ఎత్తుకు దించండి.

నల్లగొండ నుంచి:
అన్నా, రెండో సగంల పిల్లలు సర్పంచ్ దగ్గరికి పోతరు కదా, దానికి ‘క్రియాశీలత’ (యాక్టివిజం) అని మాత్రం రాయకు. మనకు ‘కొట్లాట’ ఉన్నది. కొట్లాడి తెచ్చుకున్నం అంటే దెబ్బలాట అని ఎవ్వరూ అనుకోరు. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నీళ్ల కోసం మన జిల్లా ఏం చేసింది? పోటీకి 480 మంది నిలబడ్డరు, బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడ్డది. శివన్నగూడెం అంశల స్వామి నడవలేని మనిషి, ఫ్లోరైడ్ మీద కొట్లాటకు ముందు నిలిచిండు. ఆయన్ని అరటిపండు అనగలమా?

మొదట రాసిన నేను:
అందరి మాటా పిల్లల ముందు పెట్టిన. ‘కొట్లాట’ అనంగానే ఒకడు "ఎవర్ని కొట్టాలె?" అన్నడు. పెద్దల చెవికి అది ఉద్యమం, ఏడేండ్లోనికి ఇంకా గుద్దులాటే. అందుకని ఆ మాట పుస్తకంల పెట్టలేదు, పెద్దగయినంక వాళ్లే నేర్చుకుంటరు. బడి నల్లా ఆమె చేతికి అందట్లేదని పిల్లలు బొమ్మ గీసి తీసుకపోయే పేజీ ఉన్నది. అక్కడ ఏం రాద్దామంటే వాళ్లే చెప్పిన్రు: "అడుగుదాం పాండ్రి." అదే రాసినం.

అరటిపండు మూడో పేజీలనే ఉన్నది. నియమం మార్చింది కూడా పిల్లలే. ఉరికి ముట్టుకునే బదులు, గీత లోపల ఉండి గుడ్డ బంతి విసరాలె. బంతి తాకితే ఔట్, ఎవరైనా సరే. సహితం అనే మాట ఎనక అట్ట మీద, పంతుళ్ల కోసం పెడుతున్నం.

చెల్లె, పదహారో పేజీ బొమ్మ మళ్ల గియ్యాలె. వాక్యం ఇది: "ఈసారి దొంగ ఆమెనే!" ఆమె మొఖంల నవ్వుతో పాటు కొంచెం కోపం కూడా కనబడాలె, ఔటయిన పిల్లకు ఉండేటంత.