గోప్యత గురించి చెబితే తలూపుతారు, ఫోన్‌లో మాత్రం ‘అనుమతించు’ నొక్కుతారు: తరగతి దేనితో మొదలుపెట్టాలి?

శాఖా గ్రంథాలయం:
మా మండల కేంద్రంలోని గ్రంథాలయంలో ఆదివారాలు స్మార్ట్‌ఫోన్ వాడకంపై తరగతులు నిర్వహించాలని అనుకుంటున్నాము. వచ్చేవారిలో ఎక్కువమంది పింఛనుదారులు, పొదుపు సంఘాల మహిళలు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న సంగతి వారికి బాగానే తెలుసు. కానీ కొత్త యాప్ తెరవగానే కాంటాక్టులు, లొకేషన్, ఫొటోలు ఒకదాని వెంట ఒకటి అడుగుతుంటే చదవకుండానే ‘అనుమతించు’ నొక్కుతూ పోతారు. మోసాల ఉదంతాలు చెబితే శ్రద్ధగా విని, చివరకు “మన దగ్గర దాచుకోవడానికి ఏముంది లెండి” అంటూ లేస్తారు. వారి తరఫున మేము నిర్ణయించకుండా, వారే ఆలోచించి నిర్ణయించుకునేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు సూచించగలరు.

యాప్ పరీక్షకుడు:
చదవకపోవడాన్ని బద్ధకంగా చూడకండి. ఒక మనిషి ఏడాదిలో తాను చూసే వెబ్‌సైట్ల గోప్యతా విధానాలన్నీ చదవాలంటే సుమారు 201 గంటలు పడుతుందని అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే లెక్కగట్టారు. అదే విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రచురించిన మరో ప్రయోగం మీకు ఎక్కువ పనికివస్తుంది. ఏ యాప్ మీ లొకేషన్‌ను ఎన్నిసార్లు తీసుకుందో అంకెతో సహా ఫోన్‌లోనే చూపించినప్పుడు, పాల్గొన్న 23 మందిలో దాదాపు అందరూ తమ అనుమతులను తిరిగి పరిశీలించారు, 58 శాతం మంది కొన్నింటిని తగ్గించుకున్నారు. అది చిన్న ప్రయోగమే, అయినా ఎవరి ఫోన్‌లోని అంకె వారిని కదిలించినంతగా ఉపన్యాసం కదిలించదన్నది నా అభిప్రాయం కూడా.

ఆండ్రాయిడ్ 12 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవసీ డాష్‌బోర్డ్ ఉంది. గత 24 గంటల్లో మైకును, కెమెరాను, లొకేషన్‌ను ఏయే యాప్‌లు వాడాయో అది వేళలతో సహా చూపుతుంది. తరగతిని అక్కడే మొదలుపెట్టండి. ఆ తరువాత మధ్యేమార్గాలు చూపండి. అవునా కాదా అన్న రెండే దారులున్నాయని, కాదంటే యాప్ పని చేయదని చాలామంది అనుకుంటారు. లొకేషన్‌ను యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే ఇవ్వవచ్చని, ఆండ్రాయిడ్ 11 నుంచి ‘ఈసారికి మాత్రమే’ అనవచ్చని, 14 నుంచి మొత్తం గ్యాలరీకి బదులు ఎంచుకున్న ఫొటోలనే చూపవచ్చని తెలిస్తే వారి నిర్ణయం దానంతట అదే మారుతుంది. ఒక జాగ్రత్త చెప్పండి: రెండుసార్లు కాదంటే యాప్‌కు మళ్లీ అడిగే వీలుండదు, కనుక అవసరమైనప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇచ్చే పద్ధతి కూడా నేర్పాలి.

జిల్లా కోర్టు న్యాయవాది:
“దాచుకోవడానికి ఏముంది” అన్నవారికి కాంటాక్టుల జాబితా తెరిచి చూపించండి. అందులో ఉన్న నంబర్లలో తమవి ఎన్ని? 2020 చివరలో తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులు బయటపడినప్పుడు, అప్పు తీసుకున్నవారి ఫోన్‌లోని నంబర్లకు ఫోన్ చేసి పరువు తీయడమే వసూలు పద్ధతిగా సాగింది. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాత, 2022 సెప్టెంబరులో, రుణ యాప్‌లు కాంటాక్టులను, కాల్ వివరాలను, ఫోన్‌లోని ఫైళ్లను చూడకూడదని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. కాబట్టి అప్పు ఇచ్చే యాప్ నేడు కాంటాక్టులు అడిగితే, దాన్ని వెంటనే వదిలేయడానికి ఆ ఒక్క ప్రశ్నే చాలు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఇటువంటి ఉదాహరణే ఉంది. వైద్య సలహా ఇచ్చే యాప్ కాంటాక్టులు కూడా అడిగి, వాడుకరి సరేనన్నా, వైద్యానికి ఆ జాబితా అవసరం లేదు కనుక ఆ సమ్మతి వైద్య సేవకు కావలసిన డేటాకే పరిమితమవుతుంది. సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదివే వీలు కల్పించాలని కూడా ఆ చట్టం చెబుతోంది. అయితే నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ఈ బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అంతవరకూ తరగతిలో చట్టం కన్నా ‘ఈ పనికి ఇది అవసరమా’ అన్న ప్రశ్నే ఎక్కువ ఉపయోగం.

పొదుపు సంఘం లెక్కలరాయుడి కూతురు:
పై ఇద్దరూ కంపెనీల నుంచి గోప్యత గురించే మాట్లాడారు. మా సంఘంలో చాలామందికి ఫోన్ ఇంటిల్లిపాదిదీ; కొడుకు ఆటలకు, భర్త వీడియోలకు, తమకు దొరికినప్పుడు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో 199 మంది మహిళలతో జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. ఫోన్‌కు లాక్, యాప్‌లకు లాక్, ఫోన్‌లో వెతికినవాటి, చూసినవాటి జాబితాలో ఒక్కొక్క అంశాన్ని ఏరి తొలగించడం, కొన్నింటిని అసలు ఫోన్‌లో చూడకపోవడం వంటి ఉపాయాలను వారు సొంతంగా పాటిస్తున్నారని అందులో తేలింది. అంటే దాచుకోవడానికి ఏమీ లేదన్న మాట నలుగురిలో చెప్పే మాట. అందరి ముందూ ఇంకేం చెబుతారు?

అందువల్ల ఎవరి డాష్‌బోర్డునూ గోడ మీద పెద్దది చేసి చూపవద్దు, ఫోన్ మీ చేతిలోకి తీసుకోవద్దు. వీలైతే మహిళలకు వేరుగా కూర్చునే సమయం ఇవ్వండి. వాట్సాప్‌లో ఒక సంభాషణకే లాక్ వేసుకునే వీలు 2023 నుంచి ఉంది. లాక్ కనబడితే ఇంట్లో అనుమానం వస్తుందనుకునేవారికి అది సలహా కాదు, చిక్కు. ఏది మేలో వారికే వదిలేయండి.

శాఖా గ్రంథాలయం:
వేరుగా కూర్చోబెట్టే ఆలోచన మాకు తట్టలేదు, ఆ ఏర్పాటు చేస్తాము. మరొక సందేహం: ఇక్కడ అందరూ ఆధార్ పీడీఎఫ్‌ను జిరాక్స్ షాపు వాట్సాప్ నంబరుకు పంపి ప్రింటు తీయించుకుంటారు. దీనికి ఏం చెప్పాలి?

యాప్ పరీక్షకుడు:
ఆ పీడీఎఫ్‌కు ఉండే పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మనిషి తెలిసినవారికి అది రహస్యం కాదు. ఆధార్ వెబ్‌సైటులో డౌన్‌లోడ్ చేసేటప్పుడే మాస్క్‌డ్ ఆధార్ ఎంచుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. పూర్తి నంబరు అడగని చోట ఆ ప్రతి సరిపోతుంది. పూర్తిది తప్పనిసరైతే, ప్రింటు చేతికి రాగానే షాపు వారి కంప్యూటరులోనూ, వాట్సాప్‌లోనూ ఆ ఫైలును తమ ఎదుటే తొలగించమని అడగడం నేర్పండి. మొదట్లో మొహమాటపడతారు కనుక తరగతిలోనే ఇద్దరిద్దరుగా ఆ సంభాషణ చేయించి చూడండి.