మనసులో ముద్రలు చెరుగుతాయా, చేతలు దిద్దుకుంటే చాలా?

తటస్థం: ఎవరి యాసో, పేరో, బట్టలో చూడగానే ‘వీళ్లింతే’ అన్న మాట మనసులో మెదులుతుంది. అది గమనించుకోవడం వరకు సరే. ఆ తర్వాతేంటి? మనసే మారాలని చాలామంది అంటారు. నిర్ణయాలు తీసుకునే పద్ధతి మారిస్తే చాలని నేనంటాను. మీరేమంటారు?

సూటిమాట: లోపల చిన్నచూపు అలాగే ఉంచుకుని పైకి మర్యాద నటిస్తే అవతలివాళ్లకి తెలియదంటారా? ఇట్టే తెలిసిపోతుంది. అలాంటి ఆలోచన వచ్చిన ప్రతిసారీ అణిచేస్తూ పోతే అదే పోతుంది.

పాతకాపు: సూటిమాట గారూ, అణిచేస్తే పోదండీ, ఎదురు తిరుగుతుంది. 1994లో మనస్తత్వ పరిశోధకుడు మాక్రే, ఆయన సహచరులు ఒక స్కిన్‌హెడ్ (గుండు గీయించుకుని తిరుగుతూ, గొడవలకు దిగుతారని పేరుపడ్డ కుర్రాళ్ల గుంపులోని మనిషి) ఫొటో చూపించి, అతని రోజు ఎలా గడుస్తుందో రాయమన్నారు. కొందరికి మాత్రం ‘మూస అభిప్రాయాలు రానివ్వకండి’ అని ముందే చెప్పారు. వాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకునే రాశారు. తర్వాత ఏ షరతూ లేకుండా ఇంకో స్కిన్‌హెడ్ గురించి రాయమంటే, మిగతావాళ్లకంటే వీళ్లే ఎక్కువ ముద్రలు గుద్దారు. మరో ప్రయోగంలో ఫొటోలోని మనిషి ఇప్పుడే వస్తాడని చెప్పి గదిలోకి పంపారు. ఒక కుర్చీలో అతని సామాను ఉంది. దానికి ఎక్కువ దూరంగా కూర్చున్నదీ అణుచుకున్నవాళ్లే!

సూటిమాట: సరే, అణచడం వద్దు. కలిసి మెలిసి తిరిగితే? అలా కలిస్తే చిన్నచూపు తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు కదా.

ఒక్కమెతుకు: ఉత్తినే ఎదురుపడితే చాలనలేదాయన. ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, లక్ష్యం ఒకటవ్వాలి, పోటీ కాకుండా సహకారం ఉండాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి అన్నాడు. యజమానీ పనిమనిషీ ఏళ్లతరబడి ఒకే ఇంట్లో తిరుగుతారు. ఏ ముద్ర చెరిగింది? ఇంకో తిరకాసు కూడా ఉంది. మంచి స్నేహితుడు దొరికితే ‘నువ్వు మీవాళ్లలా కాదబ్బా’ అని మెచ్చుకుంటాం. అతన్ని గుంపులోంచి పక్కకు తీసేశాం, గుంపు మీద ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందంటాం కదా, మెతుకు నచ్చకపోతే వెంటనే గుండిగ మొత్తాన్నీ తిట్టేస్తాం, నచ్చితే ఆ ఒక్కటే వేరంటాం. (నా పేరు అందుకే పెట్టుకున్నాను లెండి.)

తటస్థం: నా బాధ అదే. 2016లో లై అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం తొమ్మిది పద్ధతులు పరీక్షించింది. అన్నీ అప్పటికప్పుడు అప్రయత్న పక్షపాతాన్ని, అంటే మనం అనుకోకుండానే మనసు చూపే మొగ్గుని తగ్గించాయి, కొన్ని గంటల్లోనో రోజుల్లోనో ఆ ఫలితం కాస్తా ఆవిరైపోయింది. అందుకే ఉద్యోగం ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు వేసి, ఒక్కో జవాబుకి అక్కడికక్కడే మార్కులు వేయమంటాను. ‘మనకి సెట్ కాడు’ అని ఎవరైనా రాస్తే, ఏ జవాబులో సెట్ కాలేదో చూపించమని అడగొచ్చు.

పాతకాపు: ఇంటర్వ్యూ వరకు ఒప్పుకుంటా. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే మనిషికి మార్కుల షీట్ ఎవరిస్తారు?

తటస్థం: అక్కడ నా దగ్గర జవాబు లేదు. కానీ రావాల్సిన ఉద్యోగం రాకుండా పోతే జరిగే నష్టం పెద్దది, ముందు అది ఆపుదాం.

సూటిమాట: మార్కులు వేసేవాళ్లూ, అడిగేవాళ్లూ ఒకే గుంపువాళ్లైతే? జవాబులో తప్పు వెతికి పెట్టడం ఎంతసేపు పని?